కొలత చూపించమనండి: అనవసర రిపేర్ల నుంచి మీ బండిని, మీ డబ్బును కాపాడుకోవడం ఎలా

సాయంత్రం ఆరింటికి మా అక్క షెడ్డు నుంచి ఫోన్ చేసింది. ఇంజిన్ ఆయిల్ మార్పించడానికని ఇచ్చిన కారు. "బ్రేక్ ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయాయంట, డిస్కులు కూడా మార్చాలంట. ఇలాగే నడిపితే ప్రాణాల మీదికి వస్తుందంటున్నారు, ఏం చెయ్యమంటావ్?" అంది. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. రోజూ పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి మరి.

నేను ఒక్కటే చెప్పాను. "ప్యాడ్ పక్కన స్కేలు పెట్టి ఫోటో తియ్యమను." పది నిమిషాలకు ఫోటో వచ్చింది. ఇనుప పలక మీద మిగిలిన ప్యాడ్ మందం 7 మి.మీ. ఉంది. చాలా కార్లలో కొత్త ప్యాడ్ 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది. 3 మి.మీ. దగ్గరకు వచ్చాక మారుస్తారు. అక్క ఆయిల్‌కు మాత్రం డబ్బు కట్టి బండి తెచ్చుకుంది. ఆ ప్యాడ్లు ఆ తర్వాత ఏడాదికి పైగా పనిచేశాయి.

బండి గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా అనవసర రిపేర్లను తప్పించుకోవచ్చని నేను గట్టిగా నమ్ముతాను. దానికి మెకానిక్ పని నేర్చుకోనక్కర్లేదు. నిజంగా పాడైన ప్రతి భాగానికీ ఒక కొలత గానీ, కంటికి కనిపించే గుర్తు గానీ ఉంటుంది. దాన్ని చూపించమని అడగడం అలవాటైతే చాలు.

అసలు ఎందుకు మోసపోతాం?

కూరగాయలు కొంటే తాజాగా ఉన్నాయో లేదో చేత్తో పట్టుకుని చూస్తాం. హోటల్లో తింటే బాగుందో లేదో తిన్నాక తెలుస్తుంది. బండి రిపేరు ఈ రెండింటి లాంటిది కాదు. డబ్బు కట్టి, బండి బాగా నడుస్తున్నా కూడా, ఆ పని నిజంగా అవసరమైందో లేదో మనకు తెలియదు. ఇలాంటి సేవల గురించి 1973లో మైకేల్ డార్బీ, ఎడి కార్నీ అనే ఆర్థికవేత్తలు ప్రత్యేకంగా రాశారు. జబ్బేమిటో చెప్పేదీ ఆయనే, మందు అమ్మేదీ ఆయనే అయినప్పుడు లేని జబ్బు చెప్పాలనే ఆశ పుడుతుంది. కొనేవాడి చేతిలో దాన్ని పట్టుకునే సాధనం ఉండదు.

ఇది చిన్న షెడ్లలోనే జరుగుతుందని చాలామంది అనుకుంటారు. 1992లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర అధికారులు మామూలు కస్టమర్లలా బండ్లు తీసుకెళ్లి తనిఖీ చేసి, సియర్స్ అనే పెద్ద సంస్థకు చెందిన ఆటో సెంటర్లు అవసరం లేని పనులు అంటగడుతున్నాయని ఆరోపించారు. అక్కడి ఉద్యోగులకు కమీషన్లు, రోజుకు ఇన్ని భాగాలు అమ్మాలనే టార్గెట్లు ఉండేవి. గొడవ బయటపడ్డాక సంస్థ ఆ పద్ధతిని తీసేసింది. అందుకే ఏసీ గది, కాఫీ, యూనిఫామ్ చూసి నిశ్చింతగా ఉండకండి. మీతో మాట్లాడే సర్వీస్ అడ్వైజర్‌కు అమ్మకాన్ని బట్టి జీతం ఉండొచ్చు. బండి కింద చేతులు నల్లబడేలా పనిచేసే మెకానిక్‌కు ఆ ఆశ ఉండకపోవచ్చు కూడా. వీలైతే అతనితోనే నేరుగా మాట్లాడండి.

మొదటి మెట్టు: బండి బాగున్నప్పుడే చేసుకోవాల్సిన పని

బండితో పాటు వచ్చిన ఓనర్స్ మాన్యువల్ తీసి, ఎన్ని కిలోమీటర్లకు ఏం మార్చాలో చెప్పే పట్టికను ఫోటో తీసి ఫోన్లో పెట్టుకోండి. చాలావరకు అనవసరపు అమ్మకాలు ఈ ఒక్క ఫోటోతో ఆగిపోతాయి. "20,000 దాటింది కదా, ఇంజిన్ ఫ్లష్ చేయించాలి" అంటే పట్టిక తెరిచి చూడండి. అందులో ఇంజిన్ ఫ్లష్ (ఇంజిన్ లోపలి మురికిని మందు పోసి కడగడం) అనే మాట సాధారణంగా ఉండదు.

మీ బండిలో ఉన్నదేమిటో, లేనిదేమిటో కూడా అందులోనే తెలుస్తుంది. కరెంటుతో పనిచేసే పవర్ స్టీరింగ్ ఉన్న చాలా కార్లలో స్టీరింగ్ ఆయిల్ అనేదే ఉండదు. అయినా ఆ ఆయిల్ మార్చినట్టు రాసిన బిల్లును నేను కళ్లారా చూశాను. అలాగే మీ ఇంజిన్లో టైమింగ్ బెల్ట్ ఉందా, చైన్ ఉందా అన్నది తెలుసుకోండి. బెల్ట్ ఉంటే మాన్యువల్ చెప్పిన గడువుకు మార్చి తీరాలి. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగిలి ఇంజిన్ మొత్తం పాడవుతుంది. ఇక్కడ పిసినారితనం పనికిరాదు.

మంచి మెకానిక్‌ను కూడా ఇప్పుడే వెతుక్కోవాలి. బండి ఆగిపోయి, టోయింగ్ వాహనం వచ్చిన తర్వాత వెతికితే దొరికినవాడే దిక్కు. ముందు ఆయిల్ మార్చడం లాంటి చిన్న పని ఇచ్చి చూడండి. అడిగిన పని చేసి పంపాడా, పది సమస్యల చిట్టా చేతిలో పెట్టాడా అన్నది గమనించండి.

రెండో మెట్టు: లక్షణం చెప్పండి, భాగం పేరు చెప్పకండి

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. "క్లచ్ ప్లేట్ పోయినట్టుంది, చూడండి" అంటూ బండి ఇస్తాం. అంతే, కొత్త క్లచ్ ప్లేట్ పడుతుంది. పైగా సమస్య తీరకపోతే "మీరే కదా మార్చమన్నారు" అనే మాట కూడా పడాలి.

బదులుగా ఇలా చెప్పండి: "పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఐదు నిమిషాల పాటు ముందు ఎడమ వైపు నుంచి కీచుమని వస్తోంది. బండి వేడెక్కాక ఆగిపోతోంది. మలుపు తిప్పినప్పుడు రాదు." ఎప్పుడు వస్తోంది, ఎంత వేగంలో వస్తోంది, బ్రేక్ తొక్కితే మారుతోందా, ఎన్నాళ్ల నుంచి ఉంది, అంతకు ముందు ఏ పని చేయించారు అన్నవి ముందే కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది. శబ్దం వస్తున్నప్పుడు ఫోన్లో రికార్డ్ చేయండి. జాబ్ కార్డ్ (బండి ఇచ్చేటప్పుడు చేయాల్సిన పని రాసుకునే కాగితం) మీద కూడా మీరు చెప్పిన లక్షణమే రాయించండి. "జనరల్ చెకప్" అని రాస్తే ఒప్పుకోకండి, ఆ రెండు మాటల కింద ఎన్ని పనులైనా చేర్చేయొచ్చు.

కుదిరితే మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక రౌండ్ వేసి రండి. శబ్దం ఇద్దరూ విన్నారంటే, రిపేరు తర్వాత అది పోయిందో లేదో కూడా ఇద్దరికీ తెలుస్తుంది.

మూడో మెట్టు: మాట ముందే తేల్చుకోండి

తాళం ఇచ్చే ముందే నాలుగు విషయాలు తేల్చుకోవాలి, జాబ్ కార్డ్ మీద రాయించాలి. సమస్య కనిపెట్టడానికి ఎంత తీసుకుంటారు? రిపేరుకు విడిగా ఎస్టిమేట్ ఇస్తారా? నన్ను అడగకుండా అదనంగా ఏ పనీ చెయ్యొద్దు, తీసిన పాత భాగాలు నాకు కావాలి.

సమస్య కనిపెట్టినందుకు డబ్బు అడిగితే కోపం తెచ్చుకోకండి. నిజం చెప్పాలంటే అదే మనకు మేలు. గంటసేపు కష్టపడి చూసి, చివరికి గొట్టం క్లిప్పు వదులైందని చెప్పే మెకానిక్‌కు ఆ గంటకు డబ్బు రాకపోతే, రేపటి నుంచి అతను కూడా భాగాలే అమ్ముతాడు. ఫ్రీ చెకప్ అనే బోర్డు చూసినప్పుడు ఆ సమయం ఖర్చు ఎక్కడి నుంచి రాబట్టుకుంటారో ఆలోచించండి.

నాలుగో మెట్టు: కొలత అడగండి

అసలు పని ఇక్కడే ఉంది. "పోయింది", "అరిగింది", "వీక్ అయింది" అనే మాటలు విన్న వెంటనే అడగాల్సింది: ఎంత అరిగింది? ఎంతకు వస్తే మార్చాలి? నాకు చూపించండి.

ప్యాడ్ల సంగతి పైన చెప్పాను. డిస్కుల విషయానికి వస్తే, ఎంత మందం వరకు వాడొచ్చో సాధారణంగా డిస్కు మీదే అచ్చు వేసి ఉంటుంది. వెర్నియర్‌తోనో మైక్రోమీటర్‌తోనో కొలిచి, అచ్చు వేసిన అంకెతో పోల్చి చూపించమనండి. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కులు కూడా మార్చాలనే నియమం లేదు. బ్రేక్ తొక్కినప్పుడు స్టీరింగ్ వణకడం, డిస్కు మీద లోతైన గీతలు, పగుళ్లు ఉంటే అది వేరే సంగతి.

బ్యాటరీకి వోల్టులు అడగండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు ఉంచిన తర్వాత, పూర్తిగా ఛార్జ్ అయిన మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.4 ఉంటే సుమారు 75 శాతం ఛార్జ్ ఉన్నట్టు. అంటే ఛార్జ్ తగ్గినంత మాత్రాన బ్యాటరీ చచ్చిపోయినట్టు కాదు. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సాధారణంగా 13.5 నుంచి 14.7 మధ్య రావాలి. అస్సలు పెరగకపోతే తప్పు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ది కావొచ్చు, కొత్త బ్యాటరీ వేసినా మళ్లీ దిగిపోతుంది. బ్యాటరీ మార్చే ముందు లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగినప్పుడు బ్యాటరీ తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష) చేసి, వచ్చిన చీటీ ఇవ్వమనండి.

టైర్ల గాడుల అడుగున అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి. అరుగుదల ఆ గట్లకు సమానంగా వచ్చిందంటే మార్చాల్సిందే. చాలా దేశాల్లో చట్టం చెప్పే కనీస లోతు 1.6 మి.మీ. టైరు పక్క గోడ మీద నాలుగంకెల తయారీ గుర్తు ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఇది చూసుకోండి. నైట్రోజన్ నింపిస్తే అద్భుతాలు జరుగుతాయంటే నమ్మొద్దు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ప్రెషర్ సరిగా ఉంచుకోవడమే ముఖ్యం.

షాక్ అబ్జార్బర్ల విషయంలో నేను స్వయంగా మోసపోబోయాను. బండి లిఫ్ట్ మీద ఉంది. మెకానిక్ నన్ను కిందకు పిలిచి, టార్చి వేసి చూపించాడు. వెనుక రెండు షాక్‌లూ నూనెతో తడిసి తళతళలాడుతున్నాయి. "చూశారా సార్, రెండూ లీక్." నిజమే అనుకుని సరే అనబోయాను. ఇంతలో అదే షాక్ పక్కనున్న ఇనుప కడ్డీ మీద కన్ను పడింది. దాని నిండా గట్టకట్టిన ధూళి. నూనె కారే షాక్ మీద ఆ ధూళి ఇంకా ఎక్కువ పట్టి, నల్లటి బురదలా పేరుకోవాలి. ఇక్కడ షాక్ మీద ఇసుక రేణువు కూడా లేదు. వేలితో తుడిస్తే పసుపు రంగులో, కొత్త ఆయిల్ వాసన. పాతబట్ట అడిగి రెండింటినీ తుడిచాను, ఏమీ మాట్లాడకుండా ఫోటో తీసుకున్నాను. వారం రోజులు తిరిగాక కింద వంగి చూస్తే రెండూ పొడిగా ఉన్నాయి.

అప్పటి నుంచి ఎక్కడ లీక్ అన్నా నేను చేసేది ఇదే. తుడిచి, కొన్ని రోజులు తిరిగి, మళ్లీ చూడడం. షాక్ మీద పల్చటి చెమ్మ ఉండడం మామూలే. ధారగా కారుతుంటే, గతుకు దాటాక బండి పడవలా ఊగుతూనే ఉంటే మార్చాలి. బ్రేక్ ఆయిల్, పెట్రోలు, డీజిల్ లీకులకు మాత్రం ఈ ఆగి చూసే పద్ధతి పనికిరాదు. వాటిని వెంటనే బాగుచేయించాలి.

ఏసీ చల్లగా రావడం లేదంటే "గ్యాస్ అయిపోయింది" అనేస్తారు. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అది మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఎక్కడ కారుతోందో చెప్పకుండా మళ్లీ నింపితే కొన్నాళ్లకు మళ్లీ అదే కథ. అంతకన్నా ముందు క్యాబిన్ ఫిల్టర్ చూడండి. చాలా కార్లలో అది గ్లవ్‌బాక్స్ వెనుక ఉంటుంది, చేత్తోనే ఊడదీయొచ్చు. దాని నిండా ఆకులూ ధూళీ పట్టి గాలి రాకపోతే కంప్రెసర్ మార్చమనడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయడమే.

ఆయిల్ నల్లబడిందని చూపించి భయపెడితే కంగారు పడకండి. డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది, అది దాని పని చేస్తోందని గుర్తు. ఆయిల్ మార్చే వేళ రంగును బట్టి కాదు, కిలోమీటర్లు, నెలలను బట్టి తేలుతుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక దానికి పెట్టిన కనీస హద్దు 155 మాత్రమే. వాలులో వరుసగా బ్రేకులు వేసినప్పుడు ఆయిల్ మరిగితే పెడల్ కిందకు దిగిపోతుంది. అందుకే దాన్ని చాలా కంపెనీలు చెప్పినట్టు రెండేళ్లకోసారి మార్పించండి, అది వృథా ఖర్చు కాదు.

ఇక స్కానర్. డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి, ఒక కోడ్ చూపించి, "ఈ సెన్సర్ పోయింది, కంప్యూటరే చెబుతోంది" అంటారు. కంప్యూటర్ అలా చెప్పదు. ఉదాహరణకు పి0171 అనే కోడ్‌కు అర్థం ఇంజిన్‌కు ఇంధనం పాళ్లు తగ్గి గాలి ఎక్కువైందని మాత్రమే. పగిలిన రబ్బరు గొట్టం, మురికి పట్టిన గాలి సెన్సర్, నీరసించిన ఇంధన పంపు, వీటిలో ఏదైనా కారణం కావొచ్చు. పి0420 వస్తే పొగలోని విషవాయువులను తగ్గించే ఖరీదైన క్యాటలిటిక్ కన్వర్టర్ మార్చమంటారు. సైలెన్సర్ గొట్టంలో చిన్న లీకున్నా, ఆక్సిజన్ సెన్సర్ తప్పు చెప్పినా అదే కోడ్ రావొచ్చు. కాబట్టి కోడ్ నంబరు రాసుకుని, "ఈ కోడ్ తర్వాత మీరు ఏ పరీక్ష చేసి ఈ భాగం దగ్గరికి వచ్చారు?" అని అడగండి. జవాబు లేకపోతే అతను ఊహించి, ఆ ఊహకు మీతో డబ్బు కట్టిస్తున్నాడన్నమాట. కోడ్ చెరిపేసినా లైటు ఆరిపోతుంది, కొన్ని రోజులు నడిపితే గానీ తిరిగి వెలగకపోవచ్చు. అందుకే లైటు ఆరడాన్ని రిపేరు అయినట్టు లెక్క వేసుకోకండి.

ఐదో మెట్టు: "ఈరోజు చెయ్యకపోతే ఏమవుతుంది?"

ఈ ప్రశ్న నెమ్మదిగా, కళ్లలోకి చూసి అడగండి. నిజాయతీ ఉన్నవాడు "ఇంకో 5,000 కిలోమీటర్లు ఆగొచ్చు, వచ్చే సర్వీసుకు చూద్దాం" అనో, "వద్దు, ఇది ప్రమాదం" అనో కారణంతో చెబుతాడు. మోసం చేసేవాడు తొందరపెడతాడు. "ఈరోజే ఆఫర్", "పార్టు ఒక్కటే మిగిలింది" అంటాడు, లేదా పిల్లల పేరెత్తి భయపెడతాడు.

అన్ని భయాలూ అబద్ధం కాదు. బ్రేక్ పెడల్ మెత్తగా కిందకు దిగిపోవడం, ఎర్రటి ఆయిల్ లైటు వెలగడం, వేడి ముల్లు పైకి ఎక్కడం, స్టీరింగ్ వదులుగా ఆడడం, టైరులో నుంచి దారాలు బయటకు కనిపించడం, లోపల పెట్రోలు వాసన, వీటిలో ఏది ఉన్నా బండి కదిపే పని పెట్టుకోకండి. ఆ షెడ్డు మీద నమ్మకం లేకపోయినా సరే, బండిని టోయింగ్ వాహనం మీద ఎక్కించి ఇంకో చోటికి పంపండి తప్ప నడుపుకుంటూ వెళ్లకండి.

ఆరో మెట్టు: రెండో మెకానిక్‌కు మొదటివాడి మాట చెప్పకండి

పెద్ద ఖర్చు అన్నప్పుడల్లా ఇంకో చోట చూపించండి. అక్కడ "క్లచ్ పోయిందని వాళ్లన్నారు" అని చెబితే రెండో మెకానిక్ కూడా అక్కడి నుంచే మొదలుపెడతాడు, ధర కాస్త తగ్గిస్తాడంతే. మళ్లీ మొదట్లో రాసుకున్న లక్షణాల కాగితమే ఇవ్వండి. ఇద్దరూ విడివిడిగా ఒకే మాట చెబితే ధైర్యంగా చేయించుకోవచ్చు. చెరోటి చెబితే, కొలతలు చూపించినవాడి మాట వినండి.

ఏడో మెట్టు: బండి తీసుకునేటప్పుడు

ఇచ్చే ముందే ఓడోమీటరు, ఇంధనం ముల్లు ఫోటో తీసి ఉంచుకోవాలి. మార్చబోయే భాగం చేతికి అందేదైతే దాని మీద మార్కర్‌తో చిన్న గుర్తు పెట్టండి. తిరిగి ఇచ్చిన పాత భాగం మీద ఆ గుర్తుందా, కొత్తది వేశామన్న చోట పాతదే తుడిచి పెట్టారా అన్నది ఒక్క చూపుకే తెలుస్తుంది. కొన్ని భాగాలను కంపెనీకి తిరిగి పంపాల్సి ఉంటుంది, అప్పుడు కనీసం చూపించమనండి. వీల్ అలైన్‌మెంట్ చేస్తే ముందు, తర్వాత కొలతలున్న ప్రింటు ఇవ్వాలి. బిల్లులో భాగం నంబరు, కంపెనీ పేరు, లేబర్ ఛార్జి, వారంటీ గడువు విడివిడిగా ఉండాలి. "ఇతర ఖర్చులు" అని ఒకే గీతలో పెద్ద మొత్తం ఉంటే వివరం అడగండి.

డబ్బు కట్టే ముందు ఒకసారి నడిపి చూడండి. మొదట చెప్పిన లక్షణం పోయిందా లేదా అన్నదే చూడాలి.

మోసం జరిగిపోయిందనిపిస్తే

అక్కడ గొంతు పెంచితే ఒరిగేదేమీ ఉండదు, వాళ్లు అప్రమత్తమవుతారంతే. జాబ్ కార్డ్, ఎస్టిమేట్, బిల్లు, ఫోటోలు, పాత భాగాలు ముందు మీ చేతికి రానివ్వండి. బండిని ఇంకో మెకానిక్‌కు చూపించి, చేశామన్న పని జరిగిందా, కొలతలు ఎంత ఉన్నాయి అన్నది సంతకంతో రాయించుకోండి. ఈ పని దేనినీ విప్పక ముందే, ఎక్కడా సరిచేయక ముందే జరగాలి. ఒకసారి విప్పాక ఎవరు ఏం చేశారో తేల్చడం చాలా కష్టం.

ఆ తర్వాత షెడ్డు యజమానికి లేదా మేనేజర్‌కు మాటల్లో కాకుండా రాతపూర్వకంగా, తేదీలతో, మీరేం కోరుతున్నారో స్పష్టంగా రాయండి. డబ్బు వాపసా, మళ్లీ పని చేసి ఇవ్వడమా? జవాబుకు ఒక గడువు పెట్టండి. బండి కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్ అయితే అదే లేఖ కంపెనీకి కూడా పంపండి. కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో ఆ చెల్లింపుపై అభ్యంతరం చెప్పే వీలుందేమో కనుక్కోండి, దానికి గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకండి. అప్పటికీ కదలకపోతే మీ దగ్గరి వినియోగదారుల ఫిర్యాదుల వ్యవస్థకు వెళ్లేటప్పుడు, పాత భాగాలను అట్టపెట్టెలో పెట్టి, మీద బండి నంబరు, తేదీ రాసి కూడా తీసుకెళ్లండి.